నాలుగు గిగాబైట్ల గాలి

మూత పడిన 74వ రోజు, పొద్దున పది గంటలు

ఈ రోజు నుంచి లాగ్ కాగితం మీద రాస్తున్నాను. కంప్యూటర్లో నా సొంత రాతలు పెట్టుకోవడం మానేశాను. కారణం ఉంది. ముందు రోజువారీ సంగతులు.

బయట నీడలో యాభై అయిదు డిగ్రీలు. లోపల ముప్పై నాలుగు. జనం రెండు వందల పన్నెండు మంది, అందరూ క్షేమం. పెద్ద ఫ్యాను బాగానే తిరుగుతోంది. మూడో గ్యాలరీలో కుళాయి కారుతోందని ఓదెలన్నకు చెప్పాను. పొద్దున జొన్న గటక. మధ్యాహ్నమూ అదేనట.

ఇక కారణం. గాలి ఫైలు నిండిపోతోంది, ఈ కంప్యూటర్‌ను ఇక నమ్మలేను.

ఇది ఒకప్పుడు బొగ్గు బాయి. బొగ్గు అయిపోయాక, ఎండాకాలం నాలుగు నెలలూ మనుషులు దిగి, పైన ఇనుప మూత వేసుకుని తలదాచుకునే చోటయింది. పేరు మాత్రం ఇప్పటికీ బాయే. ప్రతి గ్యాలరీలో గాలిని కొలిచే డబ్బా ఒకటి ఉంటుంది. ఆ డబ్బాలు చెప్పే అంకెలన్నిటినీ నా గదిలోని పెద్ద కంప్యూటర్ ఒకే ఫైల్లో ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతుంది. తొమ్మిదేళ్లుగా, మూత పడిన ప్రతి రోజూ మూడున్నర మెగాబైట్ల చొప్పున రాస్తోంది. ఈ పొద్దున ఏమీ తోచక ఆ ఫైలు ఎంతైందో చూశాను. నాలుగు వేల పదిహేడు.

ఈ డిస్కు మీద ఏ ఫైలూ నాలుగు వేల తొంభయ్యారు మెగాబైట్లు దాటడానికి వీల్లేదు. చోటు లేక కాదు, డిస్కు సగం ఖాళీగానే ఉంది. ఏ ఫైలు ఎక్కడుందో, ఎంతుందో గుర్తుపెట్టుకోవడానికి ఈ డిస్కు వాడే పద్ధతి చాలా పాతది. అంతకంటే పెద్ద అంకె రాసుకోవడం ఆ పద్ధతికి రాదు.

మిగిలింది డెబ్బై తొమ్మిది. అంటే ఇరవై రెండు రోజులు. తొంభయ్యారో రోజున కంప్యూటర్ తర్వాతి లైను రాయబోయి రాయలేకపోతుంది. వానలు పడి మూత తెరుచుకునేది నూట ఇరవై అయిదో రోజు అటూ ఇటూగా.

మనుషులు దిగడం మొదలైన మూడో ఏడు ఒకతను లోపల ఉండలేక మే నెల మధ్యాహ్నం మూతను చేత్తో తెరిచాడు. దూసుకొచ్చిన వేడికి పందొమ్మిది మంది పోయారు. అప్పుడే మూతను మనుషుల చేతుల్లోంచి తీసేసి ప్రోగ్రాంకు అప్పగించారు. గాలి ఫైలు తెగకుండా ఉంటేనే అది మూత తెరుస్తుంది. ఒక్క గంట తెగినా మొత్తం బిగించేసుకుని, పైనుంచి తాళం తీసే సంకేతం కోసం చూస్తూ కూర్చుంటుంది. పైన ఎవరూ లేరు. సంకేతం మోసుకొచ్చే కేబుల్ కూడా ముప్పయ్యో రోజున గడ్డి అంటుకుని కాలిపోయింది.

ఫ్యానును చేత్తో నడుపుకోగలం. మూతను మాత్రం తెరవలేం.

75వ రోజు, మధ్యాహ్నం

రాజలింగు కాకకు చెప్పాను. ఆయన బాయి పెద్ద. బొగ్గు తవ్విన చివరి తరం మనిషి, అరవై రెండేళ్లు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. వంటశాల పక్కన బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

అంతా విని, "గా ఫైలును జరంత కోసెయ్యరాదు?" అన్నాడు.

"కోస్తే ప్రోగ్రాం తనను కొత్తగ పెట్టిన్రు అనుకుంటది కాక. కొత్తదానికి పైనుంచి తాళం సంకేతం కావాలె."

"మరి తక్కువ రాయుమను."

"అది గూడ తాళంల్నే ఉన్నది, పైనోళ్ళే మార్చాలె."

"ఇగ ఎట్ల?"

"డిస్కు పద్ధతి మార్చాలె. ఫైళ్లన్ని ఎక్కడియి అక్కడ్నే ఉంటయి. గుర్తుపెట్టుకునే తీరు ఒక్కటే మారుతది. కొత్త పద్ధతికి గిసుంటి హద్దు లేదు."

"మారిస్తే అయిపాయె గద!"

అంత తేలికైతే నేను రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినకుండా ఉండేదాన్ని కాదు. కంప్యూటర్ ఆ డిస్కు మీది నుంచే లేస్తుంది. మేలుకుని ఉన్నంతసేపూ దాన్నే వాడుకుంటూ ఉంటుంది. అందుకని మేలుకుని ఉండగా మార్చడం కుదరదు. ఆదేశం ఇచ్చి, ఆపి, మళ్ళీ లేపాలి. అలా ఆదేశంతో ఆపిన సమయాన్ని ప్రోగ్రాం తెగినట్టు లెక్కించదు, నిర్వహణ కింద రాసుకుంటుంది. పూర్తిగా లేవకముందే ఆ మధ్యలో మార్పు జరుగుతుంది. అయిదు గంటలు పట్టవచ్చు. అంతసేపూ బాయిని చూసే కంప్యూటర్ ఉండదు. మధ్యలో కరెంటు పోతే డిస్కు పాతదీ కాకుండా కొత్తదీ కాకుండా మిగులుతుంది. ఒకసారి మారాక వెనక్కి మార్చాలంటే ఉన్నదంతా తుడిచేయాల్సిందే. కాబట్టి ముందుగా డిస్కు మొత్తానికి ఇంకో డిస్కు మీద కాపీ తీసుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాను. ఏడో గ్యాలరీలో ఉన్నది బొగ్గు కాలం నాటి డబ్బా. అది తన అంకెలను నేరుగా మా డిస్కు మీద రాస్తుంది, పాత పద్ధతి తప్ప దానికి మరొకటి తెలియదు. మార్పు తర్వాత అది మూగదవుతుంది. అక్కడ పడుకునే ముప్పై ఎనిమిది మందికి గాలి ఎలా ఉందో మనిషే మీటరు పట్టుకుని పోయి చూడాలి.

"గది చేసుకుందాం," అన్నాడు కాక. "గని ఇంకో డిస్కు యాడిది మనకు?"

నేను చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"సినిమా డిస్కా?"

కాకకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ డిస్కును తొమ్మిదేళ్ల కిందట పెట్టింది నేనే. కొత్త పద్ధతే వాడాలని, కంప్యూటర్‌కు అంకెలు పంపని గ్యాలరీలో మనుషులను పెట్టకూడదని రెండు నిబంధనలు ఉండేవి. కొత్త పద్ధతి పెడితే ఏడో గ్యాలరీ డబ్బా పలకదు, ఆ ముప్పై ఎనిమిది మందిని ఆ ఏడు లోపలికి రానివ్వరు. పాత పద్ధతే పెట్టి, ఫారం మీద 'కొత్తది' అని రాసి సంతకం చేశాను. నెల రోజుల్లో కొత్త డబ్బా తెప్పించి మార్చేద్దామనుకున్నాను. వాళ్ళ కోసమే చేశానని చెప్పుకోవడం తేలిక. కానీ ఆ తర్వాత తొమ్మిదిసార్లు వానలు పడ్డాయి, తొమ్మిదిసార్లు బయటికి వెళ్ళాను, డబ్బా మాత్రం తేలేదు. నడుస్తోంది కదా అని ఊరుకున్నాను.

78వ రోజు, సాయంత్రం

వంటశాలలో అందరినీ కూర్చోబెట్టారు. ఫైలు నిండిపోతుందని చెప్తే ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. సినిమా డిస్కు తుడవాలనగానే అల్లరి మొదలైంది.

వాళ్ళను తప్పుపట్టలేను. డెబ్బై ఎనిమిది రోజులుగా మేం చూసింది బొగ్గు గోడలు, మా ముఖాలు, అంతే. సాయంత్రం ఆరింటికి వంటశాల గోడ మీద బొమ్మ పడితేనే అక్కడ ఎండ, గాలి, చెట్లు, దూరంగా కనిపించే రోడ్డు. ఆ రెండు గంటల కోసమే చాలామంది మిగతా ఇరవై రెండు గంటలు ఓర్చుకుంటారు.

రాజలింగు కాక భయం వేరు. నన్ను పక్కకు పిలిచాడు.

"నీలా, మూడో యేడు మూత తీసినోడు చెడ్డోడు కాదు. ఆని పక్కన్నే పండుకునేటోన్ని నేను. లోపట ఉండుడు శాతకాక తీసిండు. ఇంక యాభై దినాలు వీళ్ళను ఏం జూపిచ్చి కూసోవెట్టాలె? కాపీ లేకుంటనే మార్చెయ్యి."

"నడుమ ఏమన్న అయితే?"

"ఏమైతది? కరెంటు మంచిగనే ఉన్నది."

"ఏమన్న అయితే మల్ల లేపెతందుకు ఏం ఉండది కాక. రెండు వందల పన్నెండు మందిమి గీ బాయిలనే ఉంటం. వానలు పడ్డా బాయిలనే."

ఆయన నన్ను మళ్ళీ జనం మధ్యకు తీసుకొచ్చాడు.

అప్పుడు లింగవ్వ లేచింది. డెబ్బై దాటిన మనిషి, వంటశాల ఆమె చేతి మీదే నడుస్తుంది. సినిమాల కంటే ఆమెకు ఇష్టమైనది ఆ డిస్కులోనే ఇంకొకటి ఉంది, ఒక పాత బస్టాండు కెమెరా రికార్డింగు. నాలుగు గంటలసేపు బస్సులు వస్తుంటాయి, పోతుంటాయి. కథ లేదు, పాట లేదు. అయినా ఆదివారం అది వేస్తే ఒక్కరూ కదలరు. మూటలు మోసుకుంటూ ఎవరెవరో బస్సెక్కి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చుంటారు.

"బిడ్డా, నా బస్టాండు గూడ పోతదా?"

ఆ రికార్డింగు మసకగా ఉంటుంది కాబట్టి చిన్న ఫైలు. కాపీ పోను మిగిలే చోటులో అదొక్కటే పడుతుందని చెప్పాను.

"అయితే తుడువుండ్రి," అంది లింగవ్వ జనం వైపు తిరిగి. "సినిమాలు ఎన్నిసార్లు జూసిన్రు? డైలాగులతోని సహా మీకు నోటికి రావా? రేపటి సంది ఒక్కొక్కలు ఒక్కో సినిమా చెప్పుండ్రి. మొదలు నేను చెప్త."

నవ్వులు వినిపించాయి. చేతులెత్తమన్నారు. నూట నలభై చేతులు లేచాయి. లేవని చేతులు ఎవరెవరివో కాక చూసుకున్నాడు, నేనూ చూశాను.

82వ రోజు, మధ్యాహ్నం

కాపీకి ముందు డిస్కును పరీక్ష చేయించాను. తప్పులున్న డిస్కు మీద మార్పు మొదలుపెడితే ఆ తప్పులు కొత్త పద్ధతిలోకి కూడా పాకుతాయి. రెండు దొరికాయి. ఒకటి ఎప్పటిదో వంటసరుకుల జాబితా, అది పోయినా బాధ లేదు. రెండోది కంప్యూటర్ లేచేటప్పుడు చదివే ఫైళ్లకు దగ్గర్లో ఉంది. సరిచేసి, మళ్ళీ పరీక్ష చేసి, మూడోసారి కూడా చేశాను. శుభ్రంగా ఉంది.

సినిమా డిస్కును నిన్న తుడిచాను. పేర్లన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. నాలుగొందల పన్నెండు సినిమాలు.

సాయంత్రాలు విచిత్రంగా గడుస్తున్నాయి. లింగవ్వ చెప్పిన సినిమాలో హీరో మూడుసార్లు చచ్చి మూడుసార్లు బతికాడు. అది తప్పని రెండో గ్యాలరీ వాళ్ళు లేచారు, వాళ్ళు చెప్పింది ఇంకా తప్పని నాలుగో గ్యాలరీ వాళ్ళు లేచారు. ఎనిమిదింటి దాకా అరుచుకున్నారు. నవ్వలేక కళ్ళ నీళ్ళు వచ్చాయి. అటువైపు మూత దగ్గర మాత్రం ముగ్గురు మనుషులు రోజూ ఊరికే నిలబడుతున్నారు. ఇనుము మీద చెయ్యి ఆనించి వేడి చూస్తున్నారు. కాక వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడుతున్నాడు.

85వ రోజు

కాపీ పూర్తయింది. నమ్మలేదు. ప్రతి ఫైలునూ రెండు వైపులా చదివించి పోల్చి చూశాను. ఒకటిన్నర రోజు పట్టింది. అన్నీ సరిపోయాయి.

ఓదెలన్నతో కలిసి కంప్యూటర్ లేని అయిదు గంటలకు ఏర్పాట్లు చేశాం. ఓదెలన్న ఫ్యాను చూసే మనిషి. ముప్పై ఏళ్లుగా బాయిలో గాలి ఎటు పోతుందో ఒంటితోనే చెప్పగలడు. గ్యాలరీకొక చెక్క తలుపు ఉంది. ఆ ఏడు తలుపులను కంప్యూటర్ వంతులవారీగా తెరుస్తూ మూస్తూ అన్ని గ్యాలరీలకూ గాలి పంచుతుంది. ఆ పని ఇప్పుడు మనుషులు చేయాలి. తలుపుకు ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది. ఓదెలన్న ఒక గంట కొడితే ఒకటి, మూడు, అయిదు, ఏడు తలుపులు తెరవాలి. రెండు గంటలు కొడితే అవి మూసి మిగతావి తెరవాలి.

"తలుపు కాడ నిద్రపోతే ఎట్లన్నా?" అని అడిగాను.

"నిద్రపోరు చెల్లె. గాలి ఆగితే ఎట్లుంటదో ఒక్కపాలి చూపిచ్చిన," అన్నాడు. పొద్దున రెండు నిమిషాలు ఫ్యాను ఆపాడట. నేను నా గదిలో ఉండి గమనించనేలేదు. తలుపుల దగ్గరి వాళ్ళు మాత్రం గమనించారు.

88వ రోజు, పొద్దున 8:10

మార్పును పొద్దుటి పూటే పెట్టుకున్నాం. పైనున్న సోలార్ పలకలకు ఎండ అందుతుంది, బ్యాటరీలు నిండి ఉన్నాయి, ఎక్కడైనా తడబడితే సరిదిద్దుకోవడానికి పగలంతా ఉంటుంది.

ఆదేశం ఇచ్చాను. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పొరపాటున వేరే డిస్కును మార్చకుండా అడిగే ప్రశ్న అది.

'ఈ డిస్కు ప్రస్తుత పేరు రాయండి.'

ఆ పేరు నాకు బాగా తెలుసు. రాజలింగు కాక వెనక నిలబడి ఉన్నాడు. ఏదో వంకతో ఆయన్ను బయటికి పంపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. పంపలేదు. రాశాను.

"తాత్కాలికం," అని చదివాడు కాక. "గిదేం పేరు నీలా?"

"నేనే పెట్టిన కాక, తొమ్మిదేండ్ల కింద. నెల దినాల కోసమని పెట్టిన. పాత పద్ధతే పెట్టి, కాయితం మీద కొత్తదని రాసిన. ఏడో గ్యాలరోళ్ళను రానియ్యరని రాసిన. తర్వాత మార్చలేదు. ఇది నా వల్లనే."

ఆయన తెర మీదికి వంగాడు. ఎదుట ఇంకో ప్రశ్న ఉంది. 'మార్పు తర్వాత వెనక్కి వెళ్ళలేరు. కొనసాగించాలా?'

"గిప్పుడైతే కొట్టు," అన్నాడు. "తర్వాత మాట్లాడుదాం."

కొట్టాను. తెర నల్లబడింది. బయట ఓదెలన్న మొదటి గంట కొట్టాడు.

9:30

తెర మీద మార్పు పద్దెనిమిది శాతం. లోపల ముప్పై అయిదు డిగ్రీలు. తలుపులు గంటకు తగ్గట్టే కదులుతున్నాయి. చెక్క కిర్రుమనే చప్పుడు ఇక్కడి దాకా వినిపిస్తోంది.

11:20

అరవై రెండు శాతం. ముప్పై ఆరున్నర.

12:05

అరవై రెండు. నలభై అయిదు నిమిషాలుగా అంకె మారలేదు.

కాక వచ్చి చూశాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "ఆగిందా?"

"తెల్వది. గాలి ఫైలు అక్కడ్నే ఉండచ్చు. డిస్కు మీద అన్నిట్ల పెద్దది అదే. సమయం పడ్తది."

"ఏమన్న జెయ్యరాదు?"

"ఏం జెయ్యద్దు కాక. ముట్టుకుంటే పాడైతది."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క మీట నొక్కి మళ్ళీ లేపితే ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. తెలుసుకోవాలన్న ఆ ఆరాటమే వేళ్ళను లాగుతోంది. నొక్కితే తెలుస్తుంది, దాంతోపాటు అంతా పోతుంది. చేతులను తొడల కింద పెట్టుకున్నాను.

బయట కేకలు. మూత దగ్గర రోజూ నిలబడే ముగ్గురిలో ఒకడు ఇనుప కడ్డీతో మూతను బాదుతున్నాడని ఎవరో పరుగెత్తుకొచ్చారు. కాక వెళ్ళాడు. బాదుడు ఇంకా కాసేపు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. ఆయన అతన్ని ఏమీ అనలేదట. పోయి మూతకు వీపు ఆనించి కూర్చున్నాడట. కొట్టాలంటే ముందు ఆయన్ను కొట్టాలి. అతను కడ్డీ పడేసి ఆయన పక్కనే కూలబడి ఏడ్చాడని తర్వాత తెలిసింది.

12:25

అరవై మూడు.

అరవై నాలుగు. నేను పెద్దగా అరిచాననుకుంటాను, గ్యాలరీలో ఎవరో బదులు పలికారు.

1:40

నూరు శాతం. కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్ళీ లేవబోయింది. నల్ల తెర మీద ఒకే ఒక లైను.

'మొదలవడానికి కావలసిన ఫైలు దొరకలేదు.'

ఆ లైను రెండుసార్లు చదివాను. కాస్త నిదానించాక అర్థమైంది. ఫైళ్లన్నీ ఉన్నాయి. కంప్యూటర్ లేవగానే మొట్టమొదట చదివే చిన్న ఫైలు ఒక్కటే మార్పులో చెడిపోయింది. నేను సరిచేసిన రెండో తప్పుకు దగ్గర్లో ఉన్నది అదే. మిగతా డిస్కంతా బాగున్నా, అది లేకపోతే కంప్యూటర్‌కు ఆ డిస్కులోకి వెళ్ళే దారి తెలియదు.

సినిమా డిస్కు తగిలించి, కంప్యూటర్ను దాని మీద నుంచి లేపాను. కాపీలో ఆ చిన్న ఫైలు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని అసలు డిస్కులోకి పంపాను. కాపీ లేకుంటనే మార్చెయ్యి అన్న కాక వెనకే నిలబడి ఉన్నాడు. ఆయనా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. 

2:15

లేచింది.

మొదట గాలి ఫైలు తెరిచింది. తొమ్మిదేళ్ల లైన్లన్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుకుంది. అందుకు పదకొండు నిమిషాలు పట్టింది. ఆపివేసిన సమయాన్ని 'నిర్వహణ' అని గుర్తించి, కింద కొత్త లైను రాసింది.

అప్పుడు వంటశాల గోడ మీద ఎప్పుడూ కనిపించే పెద్ద అక్షరాలు వెలిగాయి.

'బయట 56 డిగ్రీలు. మూత తెరవడం కుదరదు.'

వంటశాల అంతా చప్పట్లతో మోగిపోయింది. ఈలలు వేశారు. తలుపుల దగ్గరి పద్నాలుగు మందీ చెమటతో తడిసిపోయి పరుగెత్తుకొచ్చారు.

"తెరువనంటే సప్పట్లు గొడుతున్రు, గిదేం పిచ్చిరా నాయనా!" అంది లింగవ్వ. అంటూనే తనూ కొట్టింది.

89వ రోజు, పొద్దున

రాజలింగు కాక తొమ్మిదేళ్ల కిందటి ఫారం వెతికి తెచ్చాడు. నా సంతకం ఇంకా నల్లగానే ఉంది.

"దిద్దు," అన్నాడు.

'కొత్తది' అన్న మాట కొట్టేసి, 'పాతది. నేను తప్పు రాశాను. 88వ రోజున మార్చాను' అని రాసి, పేరు రాశాను. జక్కుల నీలవేణి. కాక కింద తన సంతకం పెట్టాడు.

"శిక్ష ఏంది కాక?"

"నాకేం తెలుసు? నువ్వు చేసింది నాకు గాదు. పోయి ఏడో గ్యాలరోళ్ళకు చెప్పు."

పోయాను. ఏడో గ్యాలరీ అన్నిటికంటే లోతున ఉంటుంది. పైకప్పు తక్కువ, వంగి నడవాలి. పాత డబ్బా గోడకు వేలాడుతూ ఉంది, దాని ఎర్ర దీపం ఆరిపోయింది. ముప్పై ఎనిమిది మందీ చాపల మీద కూర్చుని విన్నారు. దాచకుండా చెప్పాను. మీ డబ్బా కోసం అబద్ధం రాశాను, ఆ అబద్ధం వల్లే ఫైలు నిండే దాకా వచ్చింది, ఇప్పుడు మీ డబ్బా మూగది, ఇంకా ముప్పై ఆరు రోజులు మీటరుతో గాలి చూడాలి. మిగతా గ్యాలరీల్లో మిమ్మల్ని పడుకోబెట్టే చోటు లేదు.

సరోజన అనే ఆమె మాట్లాడింది. నలభై ఏళ్లుంటాయి. అత్త, ఇద్దరు ఆడపిల్లలు, ఆమె. వాళ్ళ చాపలు డబ్బాకు సరిగ్గా కింద ఉంటాయి.

"మమ్ముల లోపటికి తెచ్చింది నువ్వే," అంది. "చెప్పకుంట గీ డబ్బా కింద తొమ్మిదేండ్లు పండవెట్టింది నువ్వే. ఇప్పుడు నేను నీకు మొక్కాల్నా, తిట్టాల్నా?"

 పగటి పూట రెండు గంటలకొకసారి మీటరు పట్టుకుని నేనే వస్తానని, మిగతా వేళల్లో ఓదెలన్న వస్తాడని చెప్పాను. సరోజన తన చాపను గోడ నుంచి ఇవతలికి లాక్కుంది. అంతటితో ఆ రోజు ముగిసింది.

93వ రోజు

రోజుకు ఏడుసార్లు వంగి వెళ్ళి వంగి వస్తున్నాను. నడుము పట్టేసింది. వెళ్ళగానే మాటలు ఆగిపోతాయి. మీటరు చూసి అంకె పైకి చదువుతాను. ఎవరూ పలకరు. వెనక్కి వచ్చేస్తాను. నిన్న వాళ్ళ సినిమా వంతు. వంటశాలకు వచ్చి చెప్పలేదు, తమ గ్యాలరీలోనే చెప్పుకున్నారు. సొరంగంలో నడుస్తుంటే సరోజన చిన్న కూతురి గొంతు వినిపించింది, హీరోయిన్లా ఏడుస్తోంది. నేను కనిపించగానే ఆపేసింది.

మూత దగ్గర ఇప్పుడు ఇద్దరే నిలబడుతున్నారు. మూడో అతన్ని లింగవ్వ జొన్నలు ఏరడానికి కూర్చోబెట్టుకుంది.

97వ రోజు, మధ్యాహ్నం మూడు గంటలు

గాలి ఫైలు నిన్న పొద్దున హద్దు దాటింది. నేను తెర ముందే కూర్చుని చూశాను. నాలుగు వేల తొంభయ్యారు, ఆ తర్వాత నాలుగు వేల తొంభై ఏడు. ఏ చప్పుడూ లేదు, ఏ హెచ్చరికా లేదు. ఇంకో లైను, ఇంకో లైను రాస్తూ పోయింది. కాకకు చెప్తే తల ఊపి చాయ్ ఇచ్చాడు.

బయట యాభై ఏడు. ఈ ఏడాదికి ఇదే ఎక్కువ. లోపల ముప్పై అయిదు. మూత తెరవడానికి ఇంకా ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాయి, వానలు ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. గోడలు నిన్నటి కంటే దగ్గరికి జరిగినట్టు అనిపిస్తోంది. అలా అనిపిస్తుందని మాకందరికీ తెలుసు, ఒకరికొకరం చెప్పుకోం.

రెండింటికి ఏడో గ్యాలరీకి వెళ్ళాను. పిల్లలు పడుకుని ఉన్నారు. మీటరు ఎత్తి పట్టుకుని చూశాను. "మంచిగనే ఉన్నది," అన్నాను గాల్లోకి, రోజూలాగే.

"ఇంకోపాలి చూడు," అంది సరోజన.

ఎనిమిది రోజుల్లో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. మళ్ళీ చూశాను. పైకప్పు దగ్గర ఒకసారి, నేల దగ్గర ఒకసారి, పిల్లల తలల దగ్గర ఒకసారి. మూడు చోట్లా మంచిగానే ఉంది. చెప్పాను. ఆమె అక్కడి నుంచి కదల్లేదు, నా చేతిలోని మీటరునే చూస్తోంది.

దాన్ని ఆమెకు ఇచ్చాను. ఏ ముల్లు దేనికి, ఏ గీత దాటితే పిల్లలను లేపుకుని పరుగెత్తాలి, ఏ గీత దాకా భయం లేదు, ఒక్కొక్కటీ చెప్పాను. ఆమె దీపం దగ్గర పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత నా నోటు పుస్తకం అడిగి తీసుకుని, నా అంకెల కింద తన అంకెలు రాసింది. రెండూ ఒకటే. 

"నాలుగింటికి వస్త," అన్నాను లేస్తూ.

"నేను చూస్త," అంది సరోజన, మీటరు వదలకుండా. నోటు పుస్తకం నాకు తిరిగి ఇస్తూ మళ్ళీ అంది. "నువ్వు గూడ రా."